వజ్రమ్మ కత్తిరించిన లెక్కల పుస్తకం

సోమవారం పొద్దున పదింటికీ పన్నెండింటికీ మధ్య వజ్రమ్మ తన కూతురి లెక్కల నోటుబుక్కులో నలభై ఒక్క కాగితాలకు కుడి అంచు కత్తిరించింది. ఒక్కో కాగితానికి రెండు వేళ్ల వెడల్పున, కూతురు గీసిన పెన్సిలు గీత వెంట, ఎక్కడా పక్కకు పోకుండా కోసింది. ముక్కలన్నీ దారపు తుక్కు సంచిలో వేసింది. పుస్తకాన్ని కొంగుతో తుడిచి, దేవుడి పటం కింద పెట్టి, బియ్యం కడగడానికి లేచింది.

ఆ అంచుల మీద ఉన్నవి కూతురు సంధ్యారాణి చేసిన రఫ్ లెక్కలు. మరునాడు ఆ పుస్తకం బళ్లో ఇవ్వాలి. పదో తరగతి లెక్కల్లో పుస్తకానికి అయిదు మార్కులు. లెక్కల సారు శ్యాంసుందర్ గారి షరతు ఒక్కటే. లెక్క ఎంత అందంగా రాసినా, అదే పేజీలో పక్కన రఫ్ కనిపించకపోతే అది గైడు చూసి దించినట్టే. దించిన పుస్తకానికి సున్నా.

ఈ షరతు వజ్రమ్మకు తెలియదు. నాకు తెలుసు. సూరత్ లింబాయత్‌లో వాళ్ల గది కిందనే నా జిరాక్సు కొట్టు. నోటుబుక్కులూ అట్టలూ అమ్ముతాను కనక సంధ్య చదివే తెలుగు బడి పిల్లల కష్టాలన్నీ నా కౌంటరు మీదుగానే పోతాయి. ఆదివారం సాయంత్రం అట్ట కొనడానికి వచ్చిన వజ్రమ్మ, "సబ్మిషనంటే ఏంది బ్రహ్మచారన్నా?" అని అడిగింది. కొట్లో రద్దీగా ఉంది. "ఏం లేదు చెల్లే, పుస్తకం నీట్‌గ ఉండాలె, గంతే" అన్నాను. ఆ 'గంతే' నాది. జరిగినదాంట్లో నా వాటా ఎంతో ఇక్కడే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం సులువు.

వజ్రమ్మది సిరిసిల్ల పక్క. పదిహేడో ఏట పెళ్లయింది, నెల తిరక్కుండా సూరత్ వచ్చింది. భర్త పరమేశ్వర్ మగ్గాల కార్ఖానాలో వారం పగలు, వారం రాత్రి, పన్నెండేసి గంటలు నిలబడతాడు. ఆమె ఇంట్లో కూర్చుని ధాగా కటింగ్ చేస్తుంది. ఆ పని తెలియని వాళ్లకు ఒక మాట. చీర మీద పువ్వు లేవాలంటే మగ్గం ఒక పువ్వు దగ్గర్నుంచి ఇంకో పువ్వు దాకా దారాన్ని చీర వెనక నుంచి లాక్కుపోతుంది. ముందు చూస్తే పువ్వులు, వెనక్కి తిప్పితే చిక్కు. ఆ వెనక దారాలను, బట్టకు గాటు పడకుండా, ఒక్కొక్కటీ కోసి తీసేయాలి. వేలి రింగులు లేని చిన్న కట్టర్ ఉంటుంది, నొక్కితే తెగుతుంది, వదిలితే తెరుచుకుంటుంది. ఇరవై రెండేళ్లుగా వజ్రమ్మ దాన్ని నొక్కుతూ ఉంది, వదులుతూ ఉంది.

మెడ ఎడమ పక్కకు వంగి అక్కడే ఉండిపోయింది. ఎవరైనా పిలిస్తే తల తిప్పదు, నడుముతో సహా మొత్తం తిరుగుతుంది. కళ్లు ఎప్పుడూ తడిగా ఉంటాయి. ఒకసారి కంగారుపడి, "ఏడుస్తున్నవా చెల్లే?" అని అడిగాను. "ఏడ్సుటానికి టైమేడున్నదన్నా, కండ్లే కారుతున్నయి" అని చీర మడత మార్చుకుంది.

పని ముగిశాక కూడా పని ఆమెను వదలదు. ఏది చేతికిచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తుంది. పెళ్లి కార్డు, క్యాలెండరు, పాస్‌పోర్టు ఫొటో, అన్నీ. నిరుడు బళ్లో తల్లిదండ్రుల సమావేశానికి పోయి, కూతురి ప్రోగ్రెస్ కార్డు తిప్పి, "గిటు పక్క ఏం లేదేంది సార్?" అని శ్యాంసుందర్ సార్‌నే అడిగిందట. ఉన్నదంతా ముందే ఉందమ్మా అని ఆయన చెప్పినా నమ్మినట్టు కనిపించలేదని సంధ్య నా కొట్లో తల పట్టుకుని చెప్పింది.

కూతురి హోంవర్కు దిద్దే పద్ధతీ అదే. వజ్రమ్మ చదివింది మూడో తరగతి. పేజీ తిప్పి వెనక నుంచి వేలితో తడుముతుంది. పెన్ను గట్టిగా నొక్కిన చోట కాగితం వెనక గుబ్బలు తేలుతాయి. "ఈడ భయపడ్డవ్" అంటుంది. "ఈడ మూడు సార్లు చెరిపినవ్." సంధ్యకు ఒళ్లు మండేది. కానీ ఒకనాడు స్నేహితురాలు తేజశ్రీ పుస్తకం చూసి రెండు పేజీలు దించుకొచ్చింది. వజ్రమ్మ తడిమి, "గిది నీది గాదు బిడ్డా. ఒక్క తాన గూడ ఆగలేదు" అంది. ఆ తర్వాత సంధ్య దించడం మానుకుంది. ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే ఎవరైనా మానుకుంటారు.

నీటుగా రాయించిందీ తల్లే. సారుకు ఈక్వల్ గుర్తులు ఒకదాని కింద ఒకటి నిటారుగా ఉండాలి. సంధ్యవి మెట్లు దిగినట్టు పక్కకు జరిగిపోయేవి. వజ్రమ్మ పేజీ చుట్టూ పైనుంచి కిందికి ఒక తెల్లదారం బిగించి ముడి వేసింది. "దీన్ని ఆనుకొని పెట్టు" అంది. పేజీ అయిపోగానే దారం తర్వాతి పేజీకి మారేది. వరసకో మెట్టు, లెక్కకీ లెక్కకీ మధ్య ఒక ఖాళీ గీత, జవాబు చుట్టూ డబ్బా, ఎడమ మార్జిన్‌లో లెక్క నంబరు. కుడి పక్క మాత్రం పెన్సిలు గీత అవతల గుణకారాలూ కొట్టివేతలూ ఇరుక్కుని ఉండేవి. అది రఫ్.

వజ్రమ్మకు ఇంత పట్టుదల ఎందుకో మా గల్లీలో అందరికీ తెలుసు. సంధ్య తొమ్మిదో తరగతి లెక్కల్లో అంచు మీద గట్టెక్కింది. ఈ ఏడు తప్పితే మళ్లీ చదువు ఉండదు. పక్కింటి సమ్మక్క కూతుళ్లిద్దరూ పదో తరగతి తప్పిన వారమే చాపమీద కూర్చుని కట్టర్ పట్టారు. వజ్రమ్మ మాత్రం కూతుర్ని గోళ్లు తీసుకోవడానికి కూడా దాన్ని ముట్టనివ్వదు. "చేతికి అలవాటైతది" అంటుంది. కాబట్టి ఆ అయిదు మార్కులు ఆమెకు అయిదు మార్కులు కావు.

అలాంటి మనిషి సోమవారం పొద్దున, బడికి పోతూ కూతురు వదిలి వెళ్లిన పుస్తకాన్ని ఆఖరిసారి తిప్పి చూసింది. లెక్కలు చక్కగా ఉన్నాయి. పక్కన ఈ చిక్కు ఉంది. పువ్వు లేచాక వెనక దారాలతో పనేముంది? అవి ఉంటే పని ఇచ్చే సేఠ్ చీర వాపస్ పంపుతాడు. కోసేసింది. కాగితం వెనక వైపున చేసిన రఫ్, పుస్తకం కుట్టు పక్కన పడింది గనక అక్కడికి కట్టర్ పోలేదు. పోకపోవడం ఒక్కటే ఆనాటి అదృష్టం.

ఒంటిగంటకు సంధ్య వచ్చింది. పరమేశ్వర్‌ది ఆ వారం రాత్రి పాళీ, పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చాడు. ఒకటే గది, మంచం మీద అతను నిద్రలో ఉన్నాడు. అందువల్ల ఆ ఇంట్లో ఆ మధ్యాహ్నం జరిగిన గొడవంతా గుసగుసల్లోనే జరిగింది.

"మమ్మీ, యే క్యా హై? అట్టకంటే పేజీలు చిన్నగున్నయేంది?"

"మెల్లగ. నాయిన పండిండు."

"రఫ్ ఏడికి పోయింది?"

"కోసిన. ఎంత సాఫ్‌గున్నదో చూడు ఇప్పుడు."

సంధ్య నోట్లో చున్నీ కుక్కుకుంది. ఏడుపు చప్పుడు కాకుండా ఏడవాలంటే అంతకంటే మార్గం లేదు. షరతు సంగతి విన్నాక వజ్రమ్మ కోసిన అంచును వేలితో తడిమి చూసింది. తర్వాత, "గట్లయితే నాకు ముందుగాల చెప్పాలె గద బిడ్డా" అంది.

"నువ్వు కోస్తవని నాకేమెరుక మమ్మీ! దునియాల ఎవలన్న పుస్తకం కోస్తరా?"

ఈ మాట కాస్త పైకి వచ్చింది. మంచం మీద పరమేశ్వర్ అటు నుంచి ఇటు తిరిగాడు. తల్లీ కూతురూ ఊపిరి బిగబట్టారు. అతను మళ్లీ గురక పెట్టాడు. వజ్రమ్మ నడుముతో సహా తిరిగి, మూలనున్న తుక్కు సంచి వైపు చూసింది.

ఆ తుక్కు కొనుక్కుపోయే చిందీవాడు ఇంకా రాలేదు. సంచిలో పది రోజుల దారాలున్నాయి, ఎరుపు, పచ్చ, జరీ. నలభై ఒక్క కాగితపు ముక్కలూ వాటి మధ్య ఎక్కడో ఉన్నాయి. నేలమీద కుమ్మరించి చిక్కులు విప్పడం మొదలుపెట్టారు. టేపు కోసం సంధ్య నా కొట్టుకు దిగింది. ముఖం చూసి సంగతి అడిగాను. విన్నాక షట్టరు సగం దించి నేనూ మెట్లెక్కాను. ఆ 'గంతే' మెట్టు మెట్టుకూ గుర్తొస్తూనే ఉంది.

"వచ్చినవా అన్నా, కూసో. ముక్కలు తొక్కకు" అంది వజ్రమ్మ. ఒక్క మాట నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

మూడు గంటలకు నలభై ముక్కలు దొరికాయి. ఏ ముక్క ఏ పేజీదో తెలియాలి కదా. సంధ్య ఒకటి తీసి చూసింది. పదిహేడూ ఇరవైమూడూ గుణించి ఉంది. "గిది ఏడ చేసిన్నో నాకే యాదికొస్తలేదు" అని మళ్లీ చున్నీ అందుకోబోయింది. వజ్రమ్మ ఆ ముక్కను తీసుకుని, అలవాటుగా, వెనక్కి తిప్పింది.

వెనక లెక్క నంబర్లున్నాయి. ఇటు పేజీ కుడి అంచు అంటే అటు పేజీ ఎడమ మార్జినే మరి.

సంధ్య కన్నీళ్లు తుడుచుకుని నంబర్లు చదవడం మొదలుపెట్టింది. కానీ ప్రతి అభ్యాసమూ ఒకటితోనే మొదలవుతుంది. మూడో నంబరు తొమ్మిది చోట్ల తేలింది. అక్కడ తల్లి పని పట్టుకుంది. చిన్న కట్టర్ ఒకేసారి బారుగా కోయదు, కొరుక్కుంటూ పోతుంది. కోసిన చోట సన్నటి పళ్లలాంటివి మిగులుతాయి. వజ్రమ్మ కళ్లు మూసుకుని, ముక్క అంచునూ పేజీ అంచునూ వేలి కొసతో తడిమి, "గిది గాదు... గిది గాదు... ఆఁ, గిదే" అంటూ పోయింది. సంధ్య పదిహేడు ఇంటూ ఇరవైమూడు చూసి, "అవును, మూడొందల తొంభై ఒకటి ఈ లెక్కల్నే వచ్చింది" అంది. ఒకరు అంకె, ఒకరు అంచు. నేను వరసగా నేలమీద పేర్చాను. నాకప్పగించిన పని అదొక్కటే, అందులోనూ రెండు తలకిందులుగా పెట్టాను.

నాలుగింటికి పరమేశ్వర్ లేచాడు. మంచం అంచున కూర్చుని నేల చూశాడు. గుమ్మం దాకా కాగితపు ముక్కలు. అతను అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి, కానీ పన్నెండు గంటలు నిలబడి, ఎనిమిది గంటలు పడుకుని లేచిన మనిషి అవసరమైనదే అడుగుతాడు.

"కాలు ఏడ పెట్టాలె?"

"పెట్టకు" అంది వజ్రమ్మ.

"బాత్రూం పోవద్దానే?"

"జరసేపు ఆగు."

ఆగాడు. సంధ్య ముక్కలను కొంచెం జరిపి ఒక అడుగు, ఇంకో అడుగు చూపించింది. అతను లుంగీ ఎత్తి పట్టుకుని, వాగు దాటే మనిషిలా, ఒక్కో అడుగూ చూసి వేస్తూ వెళ్లాడు. వచ్చాక తనే చాయ్ పెట్టి, నాకు కూడా ఇచ్చాడు. "ఏమైందన్నా?" అని గొంతు తగ్గించి నన్నడిగాడు. "పుస్తకం కొంచెం నీట్‌గ అయింది" అన్నాను.

అతికించడానికి నేను తెచ్చిన టేపును వజ్రమ్మ ఒప్పుకోలేదు. చీరల పెట్టెల మీద అంటించిన టేపులు సూరత్ ఎండకు ఎలా లేచిపోతాయో ఆమె చూసింది. సూదిలో తెల్లదారం ఎక్కించింది.

"కాయిదాన్ని కుడతవా చెల్లే?"

"దూరం దూరం ఏస్త. దగ్గర కుడితే తపాలా బిళ్ల లెక్క చినుగుతది."

పెన్సిలు గీత పొడవునా గోరంత అంచు మీద అంచు పెట్టి, ముక్కకు ఆరు కుట్లు వేసింది. ముడి వెనక్కి. ఒక్కో ముక్కకు నాలుగు నిమిషాలు. మధ్యలో రెండుసార్లు ఆగి మెడ వెనక చెయ్యి పెట్టుకుని గోడకు ఆనుకుంది. "నేను కుడత మమ్మీ, సూది ఇయ్యి" అంది సంధ్య. "కట్టర్ గాదు గద, సూదే" అని కూడా అంది. వజ్రమ్మ కాసేపు ఆలోచించి సూది కూడా ఇవ్వలేదు. ఆ మధ్యాహ్నం కోయాల్సిన సేఠ్ చీరలు మూటలోనే ఉండిపోయాయి.

దీపాలు పెట్టే వేళకు నలభై అయ్యాయి. నలభై ఒకటోది లేదు. సంచి మళ్లీ దులిపాం. మంచం కింద, చాప కింద, నా చొక్కా వెనక కూడా చూశాం. లేదు.

"ఉత్త కాయిదం పెట్టి కుడత" అంది వజ్రమ్మ. "నువ్వు మల్ల రఫ్ రాయి."

"ఎట్ల రాయాలె మమ్మీ? లెక్కంటే మల్ల చేస్త. చేసిన తప్పులు మల్ల ఎట్ల చేస్త?"

వజ్రమ్మ ఖాళీ ముక్క కుట్టింది. సంధ్య దానిమీద నీటుగా రాసింది: 'ఇక్కడి రఫ్ పోయింది. లెక్క నేనే చేశాను.' వెనక వైపు నంబర్లు వేసింది. పరమేశ్వర్ అన్నం డబ్బా కట్టుకుని రాత్రి పాళీకి వెళ్లిపోయాడు.

మంగళవారం వజ్రమ్మ తానే బడికి బయల్దేరింది. "జర నువ్వు గూడ రా అన్నా, మాట్లాడొచ్చినోడివి" అంది. తల్లినీ కూతుర్నీ షేరింగ్ ఆటో ఎక్కించి నేను స్కూటరు మీద వెళ్లాను. దారిపొడవునా ఏం మాట్లాడాలో తయారు చేసుకున్నాను.

శ్యాంసుందర్ సార్ ముందు బల్లమీద అరవై పుస్తకాలున్నాయి. ఆయనకూ ఓపిక అయిపోయినట్టే ఉంది. ఎర్ర పెన్నుతో ఒక్కో పుస్తకం ఆఖరి పేజీ ఎత్తి, మార్కు వేసి, సంతకం పెట్టి, పక్కనున్న దొంతి మీద పెడుతున్నాడు. ముందు పేజీలను ఇబ్బంది పెట్టడం లేదు. సంధ్య పుస్తకానికీ అదే చేయబోయాడు. కుట్లూ ముడులూ అన్నీ ఒక పక్కనే ఉండడం వల్ల అది నోరు తెరుచుకుని కూర్చుంది. దానిమీద ఇంకోటి పెట్టగానే పైది జారింది. మూడోసారికి కింది దొంతి కూడా కదిలి, పది పుస్తకాలు నేలమీద పడ్డాయి.

"ఏందిది?" అన్నాడు సార్.

నేను ముందుకు వచ్చి, "సార్, విషయమేంటంటే, ఆదివారం నాడు..." అని మొదలుపెట్టాను.

"మీరెవరు?"

"జిరాక్సు, సార్."

అంతటితో నా ప్రసంగం ముగిసింది. వజ్రమ్మ కొంగు సర్దుకుని, "నేనే కోసిన సార్. బిడ్డ తప్పేం లేదు. మల్ల కుట్టి తెచ్చిన" అంది.

సార్ కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ తెరిచాడు. తర్వాతిది. కుట్టును వేలితో తడిమాడు. రఫ్ చదివాడు. బెల్లు కొట్టారు, ఆయన లేవలేదు. ఒకచోట ఆగి, "రఫ్‌లో నలభై ఎనిమిది వచ్చింది, ఇటు ఎనభై నాలుగు ఎక్కించినవ్" అన్నాడు. సంధ్య నాలుక కరుచుకుంది. ఇంకోచోట, "ఇక్కడ నాలుగు సార్లు తప్పు చేసి అయిదోసారి తెచ్చినవ్" అన్నాడు. అది తిట్టో మెప్పో సంధ్యకు తెలియలేదు. ఖాళీ ముక్క దగ్గరికి వచ్చాడు. రాసింది చదివి, పిల్ల ముఖం చూసి, ఆ పక్కనున్న లెక్క మొదటి నుంచి చివరిదాకా తన పెన్నుతో గాల్లో చేసుకున్నాడు. తలూపాడు. ఆఖరి పేజీ తిప్పి నాలుగు వేసి సంతకం పెట్టాడు.

వజ్రమ్మకు నాలుగు అంకె వచ్చు. కళ్లు తుడుచుకుంది. అవి ఎప్పటిలా కారుతున్నాయో, ఈసారి వేరో నేను అడగలేదు.

సార్ పుస్తకాన్ని మళ్లీ దొంతి మీద పెట్టి, అరచేత్తో అదిమి చూశాడు. చెయ్యి తీయగానే అది లేచింది.

"అంతా బాగనే ఉంది గానీ అమ్మా, ఈ పుస్తకం మూసుకుంట లేదు, అరవై పుస్తకాల్ల దీన్ని నేనెట్ల పెట్టుకోవాలె?" అన్నాడు విసుగ్గా.

"మీరు తెరిచి చూస్తరని కుట్టిన సార్, మూసి పెడతరని గాదు" అంది వజ్రమ్మ.